కొండ చరియలలోని నన్నారి తీగను నిలుపుకొనుట ఎట్లు?

వేసవి వచ్చినదనిన రాయలసీమలో నన్నారి షర్బతు త్రాగనివారు అరుదు. చల్లని నీటిలో ఇంత నన్నారి పాకము పోసి, ఒక నిమ్మకాయ పిండి ఇచ్చిన గ్లాసు ఎండనబడి వచ్చినవానికి ప్రాణము లేచివచ్చునట్లు చేయును. ఆ పాకము ఒక వేరునుండి తయారగునని అందరును ఎరుగుదురు. కాని ఆ వేరు ఏ తీగది, ఆ తీగ ఎచ్చట పెరుగును, ఒక కట్ట వేరు అంగడికి చేరుటకు కొండపైన ఏమి జరిగినది అను విషయము ఎరిగినవారు తక్కువ.

ఈ తీగ నేడు మన కొండలలో నానాటికి తరిగిపోవుచున్నది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు దీనిని అంతరించు ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చియున్నారు. ఒక అడవి తీగ అంతరించిన రైతునకేమి నష్టమని కొందరు అడుగవచ్చును. కొండ క్రింది పల్లెలలోని రైతులకు ఈ తీగతో రెండు విధములుగ సంబంధము కలదు. మొదటిది, కొండనుండి వచ్చు వేరును కొనువారును, త్రవ్వించువారును, అమ్మువారును ఎక్కువగా ఈ పల్లెలవారే. రెండవది, దున్నుటకు పనికిరాని రాతి గట్లు, గుట్టలు మన పట్టా భూములలోనే చాల కలవు. ఈ తీగకు కావలసిన చోటు అట్టిదే. కనుక దీనిని పోగొట్టుటకును, నిలుపుటకును రైతు చేతిలోనే చాలవరకు ఉన్నది. అందుకు ఏమి చేయవలెనో ఈ వ్యాసములో వివరింతుము.

తీగ పేరు, గుర్తులు

ఈ తీగ వేళ్లను మన ప్రాంతములలో నన్నారి కొమ్ములు, మారెడు కొమ్ములు, మారెడు గడ్డలు, మాదిన కొమ్ములు అని పిలుతురు. కన్నడ, తమిళ దేశములలో మాగళి, మాకాళి అను పేళ్లతో దీనిని ఎరుగుదురు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు డెకాలెపిస్ హామిల్టోనై. 1834లో రాబర్టు వైటు, వాకర్ ఆర్నటు అను వృక్షశాస్త్రజ్ఞులు దీనిని వర్ణించి ఈ పేరు నిచ్చిరి.

ఇచ్చట రెండు పొరపాట్లకు తావు కలదు. శివపూజకు వాడు మారేడు చెట్టు వేరు, మారెడు గడ్డల తీగ వేరు. ఈ రెంటికి సంబంధము లేదు. అట్లే సుగంధిపాల అను సన్నని తీగను కూడ కొందరు నన్నారి యందురు. సుగంధిపాల ఆకులు సాధారణముగ సన్నగా, పొడవుగా ఉండి, నడుమ తెల్లని చారలు కలిగియుండును. దాని వేరు సన్నగా, కట్టెవలె గట్టిగా ఉండును. మనము చెప్పుకొనుచున్న తీగ వేళ్లు వ్రేలి లావు మొదలు మణికట్టు లావు వరకు పెరిగి, కండపట్టి, రసముతో నిండియుండును. వేరును విరిచి చూచిన నడుమ సన్నని కట్టె ఈనె, దాని చుట్టు దళసరి కండ కనిపించును. పది పాళ్లలో తొమ్మిది పాళ్లు కండయే.

తీగ కాండము కణుపుల వద్ద ఉబ్బియుండును. ఆకులు ఎదురెదురుగా పుట్టును. అవి వెడల్పుగా, నునుపుగా, కొనయందు మొద్దుగా ఉండును. ఆకు త్రుంచిన తెల్లని పాలు కారును. ఇది జిల్లేడు కుటుంబములోనిది. కాయలు జంటలుగ కాయును. ఎండిన కాయ పగిలినప్పుడు జిల్లేడు కాయలో వలెనే, ప్రతి విత్తనము కొనయందు పట్టువంటి తెల్లని దూది కుచ్చు కనిపించును. ఆ కుచ్చు సాయముతో విత్తనము గాలిలో ఎగిరిపోవును.

పాలు కారు తీగలలో విషము గలవి కూడ కలవు. కావున ఆకును, పాలను మాత్రమే చూచి వేరు త్రవ్వరాదు. నన్నారి వేరునకు ఒక తీయని సువాసన కలదు. కొంచెము నమలిన నాలుక చిమచిమలాడును. కాని తెలియని తీగను రుచి చూచి పరీక్షింపరాదు. అనుభవము గలవారిచే గుర్తింపజేసికొనవలెను.

వేరు యొక్క ఉపయోగములు

కొండజాతులవారు ఈ వేరును ఎన్నో తరములుగ ఎరుగుదురు. శేషాచలము కొండలలో యానాదులును, నల్లమలలో చెంచులును దీనిని త్రవ్వి తెచ్చి అమ్ముకొని జీవించుచుండిరి. తమిళ, కన్నడ గృహములలో ఈ వేరు పై తోలు గీకి, నడిమి ఈనె తీసివేసి, ముక్కలు కోసి ఊరగాయ పెట్టుదురు. మన రాయలసీమలో షర్బతు ముఖ్యము.

శాస్త్రజ్ఞుల దృష్టి దీనిపై ఆలస్యముగ పడినది. 1937లో కె. సి. జేకబు మద్రాసు వ్యవసాయ పత్రికలో దీనిని గురించి వ్రాయుచు, గ్రంథములకెక్కని ఆర్థికోపయోగము గల మొక్కగ దీనిని పేర్కొనిరి. 1940 ప్రాంతమున వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారును, వారి శిష్యులును ఈ వేరులోని రసాయన ద్రవ్యములను పరిశోధించిరి. వేరునకు వాసన నిచ్చు ముఖ్య ద్రవ్యము వెనిల్లా కాయలోని సువాసన ద్రవ్యమునకు దగ్గరి చుట్టము. అందుచేతనే నన్నారి వాసన పరిమళ ద్రవ్యముల వారికి గూడ ఇష్టమైనది.

ధాన్యము నిలువ చేయుచోట ఈ వేరు ముక్కలు ఉంచిన పురుగు చేరదని పూర్వమునుండి వాడుక. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు 1999లో ప్రకటించిన పరిశోధనలలో, ఈ వేరునందలి సారము నిలువ ధాన్యపు పురుగులను చంపునని తేలినది.

ఇన్ని గుణములుండుటయే ఈ తీగకు ముప్పు తెచ్చినది. పనికిరాని మొక్కను ఎవరును పెరుకరు గదా.

రాతి చరియలోనే ఏల పెరుగును?

ఈ తీగ దక్షిణ భారతదేశమునందు తప్ప ప్రపంచములో వేరెచ్చటను సహజముగ పెరుగదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రముల కొండలే దీని పుట్టినిల్లు. మనకు దగ్గరగ శేషాచలము, వెలికొండలు, నల్లమల కొండలలో ఇది కలదు. ఆ కొండలలో కూడ ఇది సమతలముగ మన్నున్న చోటులకంటె, బండల సందులలోను, రాతి చరియల చీలికలలోను, గుండ్ల నడుమను ఎక్కువగా కనిపించును.

చూచుటకు ఇది వింతగ తోచును. మన్ను లేని చోట, నీరు నిలువని చోట తీగ ఎట్లు బ్రతుకును? కారణములు విచారించిన ఆ చోటు దీనికి ఎంత అనువైనదో తెలియును.

మొదటిది నీరు. బండపై కురిసిన వాన బండలోనికి ఇంకదు. జారి చీలికలోనికి పోవును. పది అడుగుల బండపై పడిన నీరు ఒక జానెడు చీలికకు చేరును. చీలికలోని మన్నుకు ఎండ తగులదు. కావున కొద్దిపాటి వానకే అక్కడి మన్ను తడిసి, చాల కాలము తేమ నిలుపును. పైగా ఈ తీగ తన లావుపాటి వేళ్లలో నీటిని, ఆహారమును కూడబెట్టుకొనును. ఎండకాలమున ఆకు రాల్చినను వేరులోని నిలువతో బ్రతికి, వాన పడగనే మరల చిగుర్చును.

రెండవది పోటీ లేకుండుట. మన్నున్నచోట గడ్డి, పొదలు, చెట్లు క్రమ్ముకొనును. ఇరుకు చీలికలో వాటికి వేరూనుకొనుట కష్టము.

మూడవది రక్షణ. కార్చిచ్చు గడ్డి వెంట పరుగెత్తును, బండపై ప్రాకదు. పశువులు, మేకలు ఎక్కలేని చరియలు చాల కలవు. గొడ్డలి, పార కూడ అంత సులభముగ అందవు.

కాని ఈ చోటు నందే ఒక పెద్ద కష్టము కలదు. తీగ కాయ పగిలి వందల విత్తనములు ఎగిరినను, వాటిలో చాలవరకు ఉట్టి బండపై పడి ఎండిపోవును. మన్ను, ఆకుచెత్త చేరిన చీలికలో పడు విత్తనములు కొద్ది. పడినవన్నియు మొలవవు. మొలచినవన్నియు మొదటి వేసవి దాటవు. అందుచేత ఒక చరియపై ఒక క్రొత్త తీగ నిలద్రొక్కుకొనుట అరుదైన సంగతి. ఉన్న ముదురు తీగలు ఏండ్ల తరబడి బ్రతికి, ప్రతి యేట విత్తనము వెదజల్లుచుండుటచేతనే ఆ జాతి నిలుచుచున్నది. ఒక ముదురు తీగ పోయిన దాని స్థానము పూడుటకు ఎన్ని యేండ్లు పట్టునో చెప్పలేము. ఈ ఒక్క మాట మరువకున్న, తక్కిన రక్షణ విధులన్నియు సులభముగ అర్థమగును.

తరుగుటకు కారణములు

చింతకాయ దులిపిన చెట్టు మరుసటి యేట మరల కాయును. కరక్కాయ, ఉసిరికాయ కూడ అంతే. నన్నారి విషయము అట్లు కాదు. ఇందులో మనకు కావలసినది వేరే. వేరు పెరికిన తీగ మరల లేదు. విత్తనపు గింజలు వండుకొని తినిన రైతు మరుసటి యేడు ఏమి విత్తును? వేరంతయు త్రవ్వుట అట్టిదే.

పూర్వము వేరు త్రవ్వువారు తమ ఇంటికిని, ఊరి అంగడికిని చాలినంత మాత్రమే తెచ్చెడివారు. ఒకచోట త్రవ్విన మరల కొన్ని యేండ్లు అచ్చటికి పోయెడివారు కారు. గిరాకి పెరిగిన కొలది వర్తకులు బరువునుబట్టి కొనసాగిరి. బరువునకు వెల కట్టిన పిదప సగము వేరు విడిచిపెట్టి వచ్చుటకు ఎవరికి మనసొప్పును? తీగ మొదలుతో సహ త్రవ్వుట, గడ్డపారతో గుండ్లు పెకలించుట, లేత తీగలను సైతము విడువకుండుట వాడుకైనది. సులభముగ అందునవి అయిపోయిన పిదప చరియల పైకి ఎగబ్రాకుట మొదలైనది. ఇన్నాళ్లు చరియ ఎత్తు వలననే బ్రతికిన తల్లి తీగలకు ఇప్పుడు అదియును రక్ష కాకపోయినది.

త్రవ్వు కాలము కూడ ముఖ్యము. కాయ పగులకముందే తీగను కొట్టివేసినచో వేరుతోబాటు ఆ యేటి విత్తనము కూడ పోవును. నేటి తీగయు, రేపటి తీగయు ఒక్కమారే నశించినట్లు.

లెక్క వేసి చూతము. ఒక చరియపై 12 ముదురు తీగలున్నవనుకొందము. యేటికి 4 తీగలను వేరుతో పెరికిన మూడేండ్లలో చరియ ఖాళీ యగును. నాల్గవ యేట త్రవ్వుటకును ఏమియు లేదు, విత్తుటకును ఏమియు లేదు. అట్లుకాక, యేటికి 3 తీగలను మాత్రమే ముట్టి, వాటి వేళ్లలో మూడవ వంతు మాత్రమే తీసి, మొదలును కదపక విడిచినచో, తిరిగి మొదటి తీగ వంతు వచ్చుటకు 4 యేండ్లు పట్టును. ఈలోగా అది వేరు ఊరును. 12 తీగలును నిలిచి, ప్రతి యేట విత్తనము వెదజల్లును. మొదటి విధమున మూడేండ్ల రాబడి, రెండవ విధమున తరతరముల రాబడి. ఇందు ఏది లాభమో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

అడవిలోని తీగల విషయమున పాటించవలసిన విధులు

ముందుగ చట్టము సంగతి. రక్షితారణ్యములలోని వేరు, కట్టె, ఆకు అన్నియు ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము (1967) పరిధిలోనివి. అభయారణ్యములలోను, జాతీయోద్యానములలోను అనుమతి లేక అటవీ ఫలసాయము తీసికొనుట వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) ప్రకారము నేరము. శేషాచలము కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతముగ ప్రకటించిరి. అడవినే నమ్ముకొని బ్రతుకు గిరిజనులకు చిన్నతరహా అటవీ ఫలసాయముపై 2006 అటవీ హక్కుల చట్టము హక్కు నిచ్చినది. కనుక హక్కు లేని రైతు స్వయముగ గాని, కూలీలచే గాని అడవిలో వేరు త్రవ్వించుట తగదు. హక్కు గలవారితో వ్యవహరించువారు ఈ క్రింది విధులు పాటింపజేయవలెను.

1. చరియపైనున్న తీగలను విత్తనపు తల్లులుగ భావించి అసలు ముట్టరాదు. క్రింది గుండ్లలోని తీగలకు విత్తనము వచ్చునది అక్కడినుండియే. చెరువు క్రింది పొలమునకు చెరువెట్టిదో, కొండ దిగువ తీగలకు చరియ అట్టిది.

2. కాయలు పగిలి విత్తనము ఎగిరిపోయిన పిదపనే వేరు త్రవ్వవలెను. పూత, కాయ ఉన్న తీగ వద్దకు పారతో పోరాదు.

3. ముదురు తీగల వేళ్లనే తీయవలెను. బొటనవ్రేలి లావునకు రాని వేళ్లను విడిచిపెట్టవలెను. అట్టి వేళ్లకు బరువు లేదు, రుచియు తక్కువ.

4. తీగకు ఒక ప్రక్క మాత్రమే త్రవ్వి, వేళ్లలో మూడవ వంతుకు మించక పదునైన కత్తితో కోయవలెను. లాగి తెంపరాదు. తీగ మొదలు, అనగా కాండము వేళ్లు కలియు ముడి, ఎట్టి పరిస్థితులలోను కదలరాదు. మరల చిగుర్చు శక్తి అంతయు ఆ ముడిలోనే కలదు.

5. త్రవ్విన గుంటను అదే మన్నుతో, ఆకుచెత్తతో పూడ్చి, తీసిన రాళ్లను తిరిగి అమర్చవలెను. తెరచి విడిచిన గుంటలో మిగిలిన వేళ్లు ఎండి తీగ చచ్చును.

6. ఒకసారి వేరు తీసిన తీగకు నాలుగేండ్లు విశ్రాంతి నియ్యవలెను. గుర్తునకు దగ్గరి బండపై సున్నపు బొట్టు పెట్టుకొనవచ్చును.

కొనువారికి ఒక మాట. తీగ ముడితో సహ వచ్చిన వేరును, లేత వేరును కొననని మీరు నిలిచి చెప్పినచో త్రవ్వువాడు రెండవసారి అట్టిది తేడు. కొసరు వెల యైనను మంచి ముదురు వేరునకే ఇయ్యుడు. అడవిలో కావలివాడు చేయలేని పని అంగడిలో కొనువాని మాట చేయగలదు.

పొలమున పెంచు విధము

అడవిపై వత్తిడి తగ్గుటకు నిజమైన మార్గము పొలములలో పెంచుటయే. దీనికి మంచి మాగాణి గాని, నల్లరేగడి గాని అక్కరలేదు. నీరు నిలుచు నేల దీనికి శత్రువు. ఎఱ్ఱ గరప నేలలు, రాతి గట్లు, గుట్ట అంచులు, పొలము చుట్టు రాతి కట్టుబడులు అనుకూలము. సేద్యమునకు రాని చోటునే దీనికి కేటాయింపుడు.

విత్తన సేకరణ: కాయ పచ్చరంగు పోయి గోధుమ వన్నెకు తిరిగినప్పుడు, పగులకముందే కోయవలెను. ఒక తీగ కాయలలో సగమైనను తీగపై విడిచిపెట్టవలెను. పలు తీగలనుండి కొద్ది కొద్దిగ సేకరించుట మేలు. ఒకే తీగ విత్తనమైనచో అన్ని మొక్కలును ఒకే తల్లి బిడ్డలై, తెగులు వచ్చిన అన్నింటికిని ఒకేసారి వచ్చును. కోసిన కాయలను పలుచని గుడ్డ సంచిలో వేసి నీడన ఆరబెట్టవలెను. సంచి లేనిచో కాయ పగిలిన క్షణమే విత్తనము గాలి పాలగును. దూది కుచ్చును తీసివేసి విత్తనమును వెంటనే విత్తవలెను. పాత విత్తనమును నమ్మరాదు. అడవిలో విత్తన సేకరణకు కూడ అటవీశాఖ అనుమతి అవసరమని మరువవద్దు.

నారు పోయుట: ఎఱ్ఱమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, అడుగున రంధ్రములున్న పాలిథీన్ సంచులలో నింపవలెను. సంచి పొడవుగ ఉండుట మంచిది, వేరు లోతుకు దిగును. విత్తనమును ఒక రాత్రి నీటిలో నానవేసి, సంచికి 3 చొప్పున విత్తి, విత్తనపు మందమున మన్ను కప్పవలెను. ఈ విత్తనములు అన్నియు మొలకెత్తవు. కావున 50 మొక్కలు కావలసినవారు అంతకు చాల హెచ్చుగ విత్తుకొనవలెను. పందిరి నీడన ఉంచి, తేమ ఆరకుండ పలుచగ నీరు చిలుకవలెను. నీరు హెచ్చిన మొలక కుళ్లును. ఒక సంచిలో రెండు మూడు మొలచిన బలమైన దానిని ఉంచి, తక్కినవి మెల్లగ తీసి వేరు సంచులకు మార్చవలెను. కాండపు ముక్కలు సులభముగ వేరు తొడుగవు. కనుక రైతునకు విత్తనపు మొక్కలే మేలు.

నాటుట: నాటుటకు నైరుతి వానలు పదునుపట్టిన కాలము తగినది. మొక్కకును మొక్కకును 2 మీటర్ల ఎడమున, మూర లోతు, మూర వెడల్పు గుంటలు తీసి, వేసవి ఎండకు ఆరనిచ్చి, పై మన్నుతో ఒక తట్ట చివికిన ఎరువు కలిపి నింపవలెను. బండల ప్రక్కన నాటినచో బండపై నుండి నీరు జారు వైపున నాటవలెను. చీలికలో నీరు చేరునట్లు ఇచ్చటను చేరును. మొక్క చుట్టు చిన్న రాళ్లు పేర్చిన తేమ నిలుచును, కలుపు తగ్గును. ఒంటరిగ ఇచ్చటొకటి అచ్చటొకటి కాక, పది పన్నెండు మొక్కలు దగ్గర దగ్గరగ ఉంచినచో పురుగులు ఒక తీగ పుప్పొడిని వేరొక తీగకు చేర్చుట సులువగును.

ఆధారము: ఇది ప్రాకు తీగ. ప్రక్కన సీతాఫలము గాని, వేప గాని, కంచె గాని ఉన్న దానిపైకి ప్రాకించవచ్చును. లేనిచో వెదురు పాతవలెను. నేలపై ప్రాకిన తీగను మేకలు, పశువులు త్రొక్కి పాడుచేయును. మొదటి రెండేండ్లు ముండ్ల కంపతో కాపుదల తప్పదు.

నీరు, ఎరువు: మొదటి యేడు వానల నడుమ ఎడమ వచ్చినప్పుడు వారమున కొకసారి కుండెడు నీరు పోసిన చాలును. రెండవ యేటినుండి కరవు కాలమున తప్ప అక్కరలేదు. వేసవిలో ఆకు రాలినదని చచ్చెనని తలచి పెరికివేయరాదు. వాన పడినంతనే చిగుర్చును. యేటికి ఒకమారు తట్టెడు పశువుల ఎరువు చాలును.

వేరు తీయుట: నాటిన మొదటి మూడేండ్లు వేరు ముట్టవద్దు. పిదప, అడవి తీగకు చెప్పిన విధముననే, ఒక ప్రక్క మూడవ వంతు వేళ్లు కోసి, గుంట పూడ్చవలెను. మన పొలములోని తీగయే గదా యని మొదలంట పెరికిన మరల విత్తనము మొదలు నాలుగేండ్లు వేచియుండవలసి వచ్చును.

వేరు శుద్ధి, షర్బతు తయారు చేయుట

త్రవ్విన వేళ్లను కడిగి, తోలు గీకి, నడిమి ఈనె తీసి, ముక్కలుగ కోసి నీడన ఆరబెట్టవలెను. ఎండలో వేసిన వాసన పోవును. ఈ వేరు పరిమళము ఆవిరితో లేచిపోవునది. మూత లేని గిన్నెలో గంటల తరబడి మరిగించువారు ఇంటినిండ వాసన నింపి, పాకములో నీరు మిగుల్చుకొందురు. ముక్కలను దంచి, వేడి నీటిలో వేసి, మూతపెట్టి ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు వడియగట్టి చక్కెర పాకములో కలుపుట మంచిది. ఇట్లు చేసిన తక్కువ వేరుతోనే ఎక్కువ వాసన వచ్చును. వంటయింటిలో ఆదా అయిన ప్రతి పలము వేరు కొండపై మిగిలిన వేరే.

కొందరు రైతుల సందేహములు

"ఎకరమో రెండెకరములో దీనినే వేయవచ్చునా?" వద్దు. ఇది వేరుసెనగవలె ఒక్క కారులో డబ్బు చేతికిచ్చు పంట కాదు. కొనువారు పరిమితులు, పెరుగుట నెమ్మది. మొదట గట్టు మీద 20, 30 తీగలు పెట్టుడు. నేల నచ్చినదా, కాపుదల సాధ్యమైనదా చూచుకొని పెంచుకొనుడు. పంట చెడినను గట్టు పోదు, గట్టుమీది తీగయు పోదు.

"నా పొలములో పెంచిన వేరును అడవి వేరని పట్టుకొందురేమో?" ఈ భయము న్యాయమైనదే. అందుచే నాటిన నాడే ఎన్ని మొక్కలు, ఏ సర్వే నంబరులో నాటితిరో వ్రాసిపెట్టుకొని, గ్రామ రెవిన్యూ అధికారికిని, దగ్గరి అటవీ కార్యాలయమునకును తెలియజేయుడు. పంచాయతీలోని జీవవైవిధ్య నిర్వహణ సంఘము పుస్తకములో కూడ నమోదు చేయించుడు. జీవవైవిధ్య చట్టము (2002) ప్రకారము ఇట్టి సంఘములు ప్రతి స్థానిక సంస్థలోను ఏర్పడవలసియున్నవి. వేరు అమ్మునప్పుడు ఈ నమోదు మీకు సాక్ష్యము.

"మేము పెంచిన, వేరు త్రవ్వి బ్రతుకు గిరిజనుల కూడు పోదా?" ఇది అన్నింటికంటె మంచి ప్రశ్న. తీగయే అంతరించిన వారి కూడు ముందుగ పోవును. వారికి తెలిసినంతగ ఈ తీగను ఎవరును ఎరుగరు. ఏ చరియలో తల్లి తీగలున్నవో, కాయ ఎప్పుడు పండునో వారే చెప్పగలరు. కనుక అనుమతితో విత్తనము సేకరించుట, నారు పెంచుట అను పనులు వారికే ఇచ్చి, మొక్కకింత అని వెల కట్టుడు. వేరునకు బదులు మొక్కను అమ్ముకొనువానికి తల్లి తీగ బ్రతికియుండుటయే లాభము. అప్పుడు దానిని అతడే కాపాడును. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయమును గిరిజనులనుండి కొనుచున్నది. అట్టి సంస్థల ద్వారా అమ్మినచో దళారుల బెడద తగ్గును.

"చరియలపైన మేమే విత్తనములు చల్లవచ్చునా?" ఉట్టి బండపై చల్లిన లాభము లేదు. అటవీశాఖవారి సమ్మతితో, వానలు పడిన పిదప, మన్ను చేరిన చీలికలలో సంచి మొక్కలను నాటుట మేలు. అక్కడి విత్తనమునే అక్కడ నాటవలెను. దూరపు కొండల మొక్కలను తెచ్చి కలుపరాదు. పిల్లలను, అలవాటు లేనివారిని చరియలపైకి పంపరాదు.

సంగ్రహముగ

1. నన్నారి తీగ దక్షిణ దేశపు కొండలలో మాత్రమే పుట్టునది. ఇచ్చట పోయిన మరెచ్చటను దొరకదు.

2. చరియలపైని ముదురు తీగలు విత్తనపు తల్లులు. వాటిని ముట్టరాదు.

3. విత్తనము రాలిన పిదపనే, ఒక ప్రక్క, మూడవ వంతు వేరే తీయవలెను. ముడి కదపరాదు. గుంట పూడ్చవలెను. నాలుగేండ్లు విడువవలెను.

4. ముడితో వచ్చిన వేరును, లేత వేరును కొనరాదు.

5. రాతి గట్లపై 20, 30 తీగలతో పెంపకము మొదలిడి, నమోదు చేయించుకొనవలెను.

6. షర్బతునకు వేరును మూతపెట్టి నానవేయవలెను. బయట మరిగించి వాసన పోగొట్టరాదు.

రైతు సోదరులారా! మన పెద్దలు గట్టుపై తాటిచెట్టు, చేను నడుమ వేపచెట్టు విడిచిరి. తమ కాలమున అవి అక్కరకు రావని తెలిసియు విడిచిరి. ఈ వానకాలమున మీ గట్టుపై ఒక్క పది నన్నారి మొక్కలకు చోటిండు. మొక్కల పెంపకములో సందేహములున్న మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రమువారిని సంప్రదింపుడు. పది ఊళ్లలో పదేసి గట్లపై ఈ తీగ ప్రాకిననాడు, చరియపైకి గడ్డపార ఎత్తుకొని పోవలసిన అవసరము ఎవరికిని ఉండదు.